ఎనిమిదో అంతస్తులో తెల్లచారలు

"ఆ ఎడమవైపు అద్దాలు ఎవరు తుడిచారు?"

ఉదయశ్రీ మేడమ్ నోట ఆ మాట రాగానే కొమురెల్లి తల దించుకున్నాడు. ఎడమవైపు అతనిది కాదు.

ఉప్పల్ రింగు రోడ్డుకు దగ్గర్లో కొత్తగా లేచిన ఎనిమిదంతస్తుల ఆఫీసు బిల్డింగు అది. ఉదయశ్రీ దానికి అడ్మిన్ మేనేజరు. కింద పార్కింగులో నిలబడి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తోంది. పక్కనే అద్దాల క్లీనింగు కాంట్రాక్టరు ఉమామహేశ్వర్, చేతులు కట్టుకుని.

"మా కొత్త కుర్రాడు మేడమ్. సుబ్రహ్మణ్యం."

"కుడివైపు?"

"మా సీనియర్, కొమురెల్లి. తొమ్మిదేళ్ళ నుంచి నా దగ్గరే ఉన్నాడు."

"ఓహో!" అంది ఆమె. అని మళ్ళీ ఎడమవైపే చూసింది.

తొమ్మిదేళ్ళకు దక్కింది ఒక 'ఓహో'. కొమురెల్లి బకెట్ తీసుకుని అక్కణ్ణుంచి తప్పుకున్నాడు.

మెట్రో పిల్లర్ల కోసం ఉప్పల్ రోడ్డంతా తవ్విపోసిన ఏడాది అది. దుమ్ముతో ఎవరికీ గొడవ లేదు, తడిగుడ్డకు పోతుంది. గొడవంతా తెల్లచారలతోనే. టెర్రస్ మీద ట్యాంకు పొంగినప్పుడల్లా బోరునీళ్ళు అద్దాల మీదుగా కారాయి. కారి, ఎండి, మళ్ళీ కారి, ఆరు నెలల్లో రాయిలా గట్టిపడ్డాయి. ఉప్పల్ బోరునీళ్ళంటే బిందెలో మూడు రోజులుంచితే అడుగున సున్నం పేరుకునే నీళ్ళు. కొమురెల్లి పొడి చల్లి రుద్దాడు. బ్లేడు పెట్టి గీకాడు. చార పోయిన చోట గీత మిగిలింది.

సుబ్రహ్మణ్యం రుద్దలేదు. గీకలేదు. ఒక ప్లాస్టిక్ సీసాలో నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళు తెచ్చుకున్నాడు. పాత నూలుగుడ్డలు అందులో తడిపి, నీడ ఉన్న వైపు అద్దాల మీద పట్టీల్లా అంటించాడు. అరగంట ఆగి గుడ్డ తీసి ఒక్కసారి తుడిచాడు. అద్దంలో ఆకాశం కనపడింది.

"ఎక్కడ నేర్చినవ్ రా ఇది?" అని ఈ బిల్డింగు పని మొదలైన రోజే అడిగాడు కొమురెల్లి.

"కాకినాడ పోర్టులోనండి. ఓడల అద్దాల మీద ఉప్పు కడుతుంది కదండీ. దాంతో దెబ్బలాడితే గెలవలేం గురువుగారూ. నానబెట్టి బతిమాలుకోవాలి."

గురువుగారట! నాలుగు నెలల కింద వచ్చి, తనకు పాఠం చెప్తూ, గురువుగారట!

ఇదంతా ఉత్త పంతం కాదు. కొమురెల్లి కుడిభుజం పాడై రెండేళ్ళయింది. తాడు మీద గంటసేపు వేలాడితే చెయ్యి తిమ్మిరెక్కి చచ్చుబడుతోంది. తాడు మాను, లేకపోతే చెయ్యి పోతుందని దవాఖానాలో డాక్టరు తేల్చి చెప్పాడు. మిగిలింది ఒకే దారి. మేస్త్రీ కావడం. మేస్త్రీ తాడు మీద వేలాడడు. టెర్రస్ మీద నిలబడి ముడులు చూస్తాడు, పని చెప్తాడు. ఈ బిల్డింగు ఏడాది కాంట్రాక్టు వస్తే నువ్వే మేస్త్రీవని ఉమామహేశ్వర్ ఎప్పుడో మాటిచ్చాడు. అది దక్కకపోతే ఇక నాచారంలో ఏదో ఫ్యాక్టరీ గేటు ముందు కుర్చీ వేసుకుని, వచ్చే లారీకి పోయే లారీకి సలాం కొట్టడమే.

ఆ ఆదివారం మధ్యాహ్నం కొమురెల్లి ఇంట్లో చేపల కూర. నాచారంలోని ఆ ఇంటి పైగదిలోనే సుబ్రహ్మణ్యం అద్దెకుంటున్నాడు. కొమురెల్లి భార్య సూర్యకళ అతన్ని కూడా భోజనానికి పిలిచింది. పిలవడమే కాదు, తలకాయ ముక్క అతని పళ్ళెంలో వేసింది. పదహారేళ్ళ కాపురంలో ఆ ముక్క ఇంకొకరి పళ్ళెంలో పడడం కొమురెల్లి చూడలేదు.

అంతలో పక్కింటి మల్లవ్వ గిన్నె కోసం వచ్చింది. సూర్యకళ ఆమెను చెయ్యి పట్టి వంటింట్లోకి లాక్కుపోయింది.

"అక్కా, ఆ పై కిటికీ జూడు."

అటక మీద, నిచ్చెనకు కూడా అందని మూలన ఉన్న చిన్న కిటికీ అది. పన్నెండేళ్ళ తాలింపు పొగ పట్టి నల్లగా ఉండేది. ఇప్పుడు అందులోంచి పక్కింటి నీళ్ళ ట్యాంకు స్పష్టంగా కనిపిస్తోంది.

"అరె, ఇంత వెల్తురొస్తదా నీ వంటింట్ల? ఎవరు తుడిసిన్రు? మీ ఆయనా?"

"మా ఆయనెందుకు తుడుస్తడు? ఆయన పట్నంల అద్దాలన్నీ తుడుస్తడు, ఇంట్ల కిటికీ దిక్కు జూడడు. ఈ పిల్లగాడే. అటక మీద బోర్ల పండుకొని తుడిసిండు."

మల్లవ్వ పకపకా నవ్వింది. సుబ్రహ్మణ్యం సిగ్గుపడ్డాడు. "ఊరుకోండక్కా, గురువుగారికి టైముండదు కదా!"

తనను వాడు వెనకేసుకొచ్చాడు. కొమురెల్లికి గొంతులో ముల్లు అడ్డం పడినట్టయింది. ఆ రోజు అతను తిన్నది తోక ముక్క. దాన్నిండా ముళ్ళే.

మర్నాటి నుంచీ చిల్లర పనులు మొదలుపెట్టాడు. సుబ్రహ్మణ్యం బకెట్ దాచేశాడు. మేడమ్ పిలుస్తోందని అబద్ధం చెప్పి ఏడో అంతస్తు నుంచి కిందికి దింపాడు. ఎవరూ లేరని తెలిసి సుబ్రహ్మణ్యం నవ్వుకుంటూ మళ్ళీ ఎక్కాడు. ఆ నవ్వు కొమురెల్లిని ఇంకా మండించింది.

బుధవారం సాయంత్రం ఉమామహేశ్వర్ ఇద్దర్నీ పిలిచాడు.

"ఇంక ఎనిమిదో అంతస్తే మిగిలింది. స్లాబు ముందుకు పొడుచుకొచ్చింది కాబట్టి తాడు అద్దానికి గజం దూరంలో వేలాడుతుంది. కష్టమైన పనే. ఎడమవైపు నాలుగద్దాలు సుబ్బూవి, కుడివైపు నాలుగు కొమురెల్లివి. రేపు పన్నెండింటికి మేడమ్ చూస్తారు. ఎవరివి నచ్చితే వాళ్ళే మేస్త్రీ. ఆవిడ మాటే ఫైనల్."

"అన్నా, నాకు మాటిచ్చినవ్ గదా!" అన్నాడు కొమురెల్లి.

"ఇచ్చాను. కాంట్రాక్టు నా చేతిలో లేదు కొమురెల్లీ, ఆవిడ చేతిలో ఉంది. గెలువు. నాకూ సంతోషమే."

గెలవలేనని కొమురెల్లికి తెలుసు. అయితే వాడూ గెలవకూడదు.

నేరుగా నాచారం ఇండస్ట్రియల్ ఏరియాకు పోయాడు. అక్కడ ఇత్తడి సామాన్లను యాసిడ్‌తో కడిగి పూత వేసే షెడ్డులో వరసకు బామ్మర్ది అయ్యే దయాకర్ పనిచేస్తాడు.

"తేజాబ్‌తో నీకేం పని బావా?" అన్నాడు దయాకర్.

"మోరీ జామైంది. ఇంటెనక నీళ్ళు పోతలేవు."

"మోరీకా! ఇది మోరీనే గాదు, మోరీ కట్టినోణ్ణి గూడ తింటది. వాసన రాదు, పొగ రాదు, నీళ్ళ లెక్కనే ఉంటది. జర పైలం."

నీళ్ళలా ఉంటుంది. కొమురెల్లికి కావలసింది అదే. ఆ బిల్డింగు అద్దాలకు బయటివైపు నీలం పూత ఉంది. ఆ యాసిడ్ తగిలితే పూత మచ్చలు మచ్చలుగా లేచిపోతుంది. కింద నుంచి చూస్తే బొల్లి మచ్చల్లా కనపడతాయి. 'ఆ ఎడమవైపు ఎవరు తుడిచారు?' అని మేడమ్ మళ్ళీ అడుగుతుంది. అప్పుడు జవాబు తనే చెప్తాడు.

గురువారం పొద్దున సుబ్రహ్మణ్యం తాళ్ళు కట్టి, టీ తాగడానికి కిందికి పోయాడు. టెర్రస్ మీద అతని సామాను, సీసా ఉన్నాయి. కొమురెల్లి సీసాలో సగం నీళ్ళు పారబోసి తేజాబ్ నింపాడు. సీసా వెంటనే వేడెక్కింది. చేతిలో పట్టుకోలేనంత వేడి. ట్యాంకు నీడలో పెట్టి, సుబ్రహ్మణ్యం మెట్లెక్కుతున్న చప్పుడు వినిపించేదాకా కాపలా కాశాడు. అప్పటికి చల్లారింది.

"గురువుగారూ, మీకూ టీ తెచ్చానండి. అల్లం ఎక్కువేయించాను."

కొమురెల్లి ఆ టీ తాగాడు. ఒక్క చుక్క కూడా మిగల్చలేదు.

ఇద్దరూ మూడు గజాల దూరంలో దిగారు. ఒక్కొక్కరికి రెండు తాళ్ళు. ఒకటి బరువు మోసేది, రెండోది అది తెగితే కాపాడేది. నడుము బెల్టుకున్న ఇనుప బ్రేకు నొక్కితే మనిషి జారతాడు, వదిలితే ఆగుతాడు. అద్దానికి అతుక్కునే రబ్బరు కప్పు ఒక చేత్తో పట్టుకుని లాక్కుంటేనే లోపలికి చేరగలరు. కొమురెల్లి భుజం మొదటి అయిదు నిమిషాల్లోనే సలపడం మొదలుపెట్టింది. అయినా అతనికి నొప్పి తెలియడం లేదు. కళ్ళన్నీ ఎడమవైపే.

సుబ్రహ్మణ్యం రబ్బరు గ్లౌజులు వేసుకుని గుడ్డలు తడిపాడు. రెండు అద్దాలకు పట్టీలు వేశాడు. మిగిలిన తడిగుడ్డలను ఎప్పట్లాగే ఛాతీ ఎత్తున రెండు తాళ్ళకూ కలిపి చుట్టి వేలాడదీశాడు. ఓడ పక్కన వేలాడుతూ పనిచేసేవాళ్ళ అలవాటట అది. చేతులు ఖాళీగా ఉంటాయట. "తాడు మీద బట్టలారేస్తున్నవా, దోబీగానివా?" అని కొమురెల్లి ఎన్నోసార్లు వెక్కిరించాడు.

ఇప్పుడు వెక్కిరించలేదు. అద్దం కేసి చూస్తున్నాడు.

పావుగంట తర్వాత పట్టీ ఒకటి గోధుమరంగుకు తిరిగింది. ఇంకాసేపటికి దానంతటదే రెండు ముక్కలై జారిపోయింది. కింద అద్దం మీద నీలం పూతలో అరచేయంత పాలిపోయిన మచ్చ. కొమురెల్లి లోలోపల పండగ చేసుకున్నాడు. అయిపోయినవ్ రా గోదారోడా!

"ఈ గుడ్డలు మరీ పాతవైపోయినట్టున్నాయండి!" అన్నాడు సుబ్రహ్మణ్యం, తాడు మీది గుడ్డ ఒకటి లాగుతూ. అది కూడా అతని చేతిలో పొట్టులా రాలింది.

అప్పుడు కొమురెల్లి చూపు గుడ్డ మీంచి తాడు మీదికి మళ్ళింది.

నైలాను తాడు. గుడ్డలు వేలాడిన చోట తెల్లగా ఉండాల్సిన పై అల్లిక జిగురుగా, పసుపుగా మారింది. పోగులు లేచి వెంట్రుకల్లా నిలబడ్డాయి. ఒక తాడు కాదు, రెండూ.

కొమురెల్లి పొద్దున్నుంచీ వాడి అద్దం గురించే ఆలోచించాడు. తొమ్మిదేళ్ళు తాడు మీద బతికినవాడు, వాడి తాడు గురించి మాత్రం ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

అరవాలి. నోరు తెరిచాడు. అంతలో ఇంకో మాట తలలోకి వచ్చింది. మేస్త్రీ. వాడు లేకపోతే మేస్త్రీ ఎవరు? తడిగుడ్డ ఒకటి పిండి ఆరేసేంత సేపు, అంతే సేపు, కొమురెల్లి ఊరికే చూస్తూ ఉండిపోయాడు.

టప్‌మని ఒక పోగు తెగింది. సుబ్రహ్మణ్యం తాడు సన్నగా వణికింది.

"సుబ్బూ! దిగు! జల్ది దిగు!"

సుబ్రహ్మణ్యం తల కూడా తిప్పలేదు. "మళ్ళీ మొదలెట్టారా? మొన్న ఇలాగే దింపారు. ఇవాళ నేను దిగనండి. ఇంకా రెండద్దాలున్నాయి."

దిగితే బ్రేకు ఊగుతుంది, కాలిన చోట కుదుపు పడుతుందని అప్పుడు తట్టింది కొమురెల్లికి. "అరే దిగకు! దిగకు! అసలు కదలకు!"

"దిగమంటారు, దిగొద్దంటారు! గురువుగారూ, మీ అద్దాలు మీరు చూసుకోండి బాబూ!"

"నీ తాడు తింటున్నది రా! నీ సీసల తేజాబ్ ఉంది!"

"నా సీసాలోకి తేజాబ్ ఎలా వస్తుందండీ?" అని నవ్వాడు.

పైన టెర్రస్ మీద ఎవరూ లేరు. తాళ్ళ దగ్గర ఉండాల్సిన ఉమామహేశ్వర్ మేడమ్‌ను తీసుకురావడానికి కిందికి పోయాడు. అద్దం వెనక ఎనిమిదో అంతస్తు ఖాళీ. మూడు రోజుల అబద్ధాలతో తన మాటకు విలువ లేకుండా తనే చేసుకున్నాడు. ఇప్పుడు వాడు నమ్మే మాట ఒక్కటే మిగిలింది.

"నేనే పోసిన."

సుబ్రహ్మణ్యం చెయ్యి ఆగింది.

"పొద్దుగాల నువ్వు టీకి పోయినప్పుడు. నీ అద్దం ఖరాబు జెయ్యాల్నని పోసిన. తాడు సంగతి నాకు యాదికి రాలేదు. జూడు, నీ ముందట్నే ఉంది, తాడు జూడు!"

చూశాడు. సుబ్రహ్మణ్యం ముఖంలో రక్తం లేదు. వేలితో ముట్టుకోబోయి ఆగిపోయాడు. "గురువుగారూ..." అన్నాడు.

"కదలకు. నేనొస్తున్న."

కొమురెల్లి అద్దాల చట్రాన్ని కాలితో తన్ని పక్కకు ఊగాడు. మొదటిసారి అందలేదు. రెండోసారి రబ్బరు కప్పు అద్దానికి అతికించి, కుడిచేత్తో లాక్కున్నాడు. భుజంలో ఏదో చిరిగినట్టయింది. అరుపు పళ్ళ మధ్య నొక్కిపెట్టాడు. ఇంకో కప్పు, ఇంకో లాగుడు. రెండు గజాలు. ఒక గజం.

పెళ్ళుమని మొదటి తాడు తెగింది. సుబ్రహ్మణ్యం మూరెడు జారి రెండో తాడు మీద ఆగాడు. అది సాగుతోంది. పోగులు ఒక్కొక్కటే విడిపోతున్నాయి.

కొమురెల్లి సుబ్రహ్మణ్యం మీదికి దూకి, ఎడమచేత్తో అతని బెల్టు పట్టుకున్నాడు. కుడిచేత్తో తన బెల్టుకు వేలాడే పట్టీ కొక్కెం అందుకున్నాడు. చెయ్యి తిమ్మిరెక్కింది. వేళ్ళు మాట వినడం లేదు. పళ్ళతో కొక్కెం నాలుక నొక్కి, సుబ్రహ్మణ్యం బెల్టులో తగిలించాడు. క్లిక్‌మంది.

రెండో తాడు తెగింది.

ఇద్దరి బరువూ ఒక్క తాడు మీద పడింది. అద్దం మీద నుంచి కప్పు ఊడి ఇద్దరూ గాలిలోకి ఊగారు. కింద ఎవరో కేక పెట్టారు. కొమురెల్లి బ్రేకు కొంచెం కొంచెం నొక్కుతూ దిగసాగాడు. ఏడు, ఆరు, అయిదు. ఇనుము కాలిపోతోంది. సుబ్రహ్మణ్యం అతని మెడ కావలించుకుని కళ్ళు మూసుకున్నాడు. గ్లౌజుల మీద మిగిలిన తడి కొమురెల్లి మోచేతికి తగిలి చుర్రుమంటోంది. నాలుగు, మూడు. నేల.

అందరూ పరుగెత్తుకొచ్చారు. ఉమామహేశ్వర్ కొమురెల్లిని గట్టిగా వాటేసుకున్నాడు. "బతికించావురా! నా కంపెనీని బతికించావు! మేడమ్, చూశారుగా?"

"చూశాను" అంది ఉదయశ్రీ. "అద్దాల సంగతి వదిలెయ్యండి. నాకు తాళ్ళు చూసే మనిషి కావాలి. ఈయన్నే మేస్త్రీగా పెట్టండి. లేకపోతే కాంట్రాక్టు మీద నేను సంతకం పెట్టను."

అంతే. అయిపోయింది. తొమ్మిదేళ్ళ కల నేల మీద నిలబడ్డ రెండు నిమిషాల్లో చేతికొచ్చింది.

"అసలు తాడెలా తెగింది?" అని ఉమామహేశ్వర్ సుబ్రహ్మణ్యాన్ని అడిగాడు.

పైన కొమురెల్లి అరిచింది కింద రోడ్డు రొదలో ఎవరికీ వినపడలేదు. తెలిసినవాడు ఒక్కడే.

సుబ్రహ్మణ్యం నేల వైపు చూశాడు. "తాడు పాతదండి" అన్నాడు. "గురువుగారు చూడబట్టి బతికాను."

కొమురెల్లికి ప్రాణం లేచి రావాలి. రాలేదు. వంటింటి కిటికీ వాడు తుడిచాడు. తలకాయ ముక్క వాడు తిన్నాడు. ఇప్పుడు మేస్త్రీ పని కూడా వాడే ఇస్తున్నాడు. పైన తనను చంపబోయినవాడికి, ఉత్త పుణ్యానికి, చిల్లర వేసినట్టు వేస్తున్నాడు. రేపటి నుంచి టెర్రస్ మీద నిలబడిన ప్రతిరోజూ అది వాడు పెట్టిన భిక్ష. మంచితనంలోనూ వీడే పైన ఉండాలా? దాన్ని మాత్రం కొమురెల్లి భరించలేకపోయాడు.

"అబద్ధం జెప్తున్నడు" అన్నాడు.

"ఏంటి?" అన్నాడు ఉమామహేశ్వర్.

"తాడు కొత్తదే. వాని సీసల నేను తేజాబ్ పోసిన. వాని అద్దం ఖరాబు జెయ్యనీకి. అది తాడు మీద పడ్డది. తాడు కాలిపోతుంటే జూసి గూడ జరసేపు సప్పుడు జెయ్యలే. గది గూడ నేనే."

ఉదయశ్రీ ఒక అడుగు వెనక్కి వేసింది. ఉమామహేశ్వర్ ముఖం ముందు తెల్లబడి, తర్వాత ఎర్రబడింది. కొమురెల్లి చొక్కా పట్టుకున్నాడు. ఇంకో చేత్తో జేబులో ఫోను కోసం వెతుకుతున్నాడు.

"పోలీసులు తర్వాతండి!" సుబ్రహ్మణ్యం మధ్యలోకి వచ్చి ఆ చెయ్యి విడిపించాడు. "ఆయన చెయ్యి చూడండి ముందు."

కొమురెల్లి మోచేయి నుంచి మణికట్టు దాకా ఎర్రగా పొంగింది. సుబ్రహ్మణ్యం గ్లౌజులు ఊడదీసి విసిరేశాడు. కొమురెల్లిని పార్కింగులో ఉన్న నీళ్ళ ట్యాంకర్ కుళాయి దగ్గరికి లాక్కుపోయి, చెయ్యి ధార కింద పెట్టి పట్టుకున్నాడు. రుద్దలేదు. ధార సన్నగా ఉంచి, కాలినచోట తన వేళ్ళు తగలకుండా చెయ్యిని నెమ్మదిగా తిప్పుతూ ఉన్నాడు.

"ఎందుకు చెప్పారు?" అన్నాడు, వినీ వినపడనట్టు. "నేను చెప్పను కదా!"

"అందుకే జెప్పిన."

సుబ్రహ్మణ్యానికి అర్థం కాలేదు. అతని కళ్ళలో కోపం ఇప్పుడిప్పుడే మొదలవుతోంది. అయినా ధార మాత్రం పక్కకు పోనివ్వలేదు.

వెనక ఉమామహేశ్వర్ ఫోనులో ఎవరికో బిల్డింగు అడ్రసు చెప్తున్నాడు. కొమురెల్లి తన చేతి వైపే చూస్తున్నాడు. మంట తగ్గుతోంది. ఈ పని కూడా వీడికి తనకంటే బాగా వచ్చు.